టికెట్ కిటికీలో అవ్వ

అప్పట్లో ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు ఒకచోట నిలిచేది కాదు. వారమంతా కోయంబత్తూరులో ఒక పంపుసెట్ల కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు గీసే పిల్లకు సెలవు పూటైనా నాలుగు చోట్లు తిరగాలని ఉంటుంది కదా. అంతవరకైతే మా అమ్మకూ అభ్యంతరం లేదు. నా కాళ్ళు ఎప్పుడూ పాడుబడిన చోటికే ఎందుకు పోతాయన్నదే ఆమె బాధ. సింగానల్లూరులో మా వీధి చివర మూతపడిన నూలు మిల్లు, మేట్టుపాళయంలో కప్పు కూలిన వక్కల గోదాము, ఎక్కడ గోడ పగిలి మొక్క మొలిచిందని తెలిస్తే అక్కడికి మెడలో సెకండ్‌హ్యాండ్ కెమెరా తగిలించుకుని స్కూటరు మీద హాజరయ్యేదాన్ని. "ఊర్లో పిల్లలంతా మాల్‌కు పోతారు, ఇది పాముల పుట్టకు పోతాది" అని అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేది. (పాము నాకు ఒక్కసారీ కనబడలేదు. గబ్బిలాల సంగతి అమ్మకు నేను చెప్పలేదు.)

నా ఫోటోలకు ఒక గట్టి నియమం ఉండేది. వాటిలో మనిషి కనబడకూడదు. ఎక్కడో అమెరికా పల్లెల్లో వదిలేసిన రైలు స్టేషన్ల ఫోటోలు ఫోనులో చూసి చూసి పట్టుకున్న నియమం అది. తుప్పు ఉండాలి, దుమ్ము ఉండాలి, సాలెగూటి మీద ఏటవాలుగా వెలుతురు పడాలి, మనుషులేమో ఏనాడో లేచి వెళ్ళిపోయినట్టు ఉండాలి. అటువంటి ఫోటో ఒక్కటి తెస్తే తమ ఎగ్జిబిషన్‌లో గోడ మీద చోటిస్తామని మా ఊరి ఫోటో క్లబ్బు వాళ్ళు మాట ఇచ్చారు. ఆ గోడ తలచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. సరిగ్గా అప్పుడే మామ ఫోను చేశాడు. మామా, మా అమ్మమ్మ (మేము అవ్వ అంటాము) తిరుమంగళానికి పడమట నల్లరేగడిలో పత్తి వేసుకుని బతికేవాళ్ళు. వాళ్ళ ఊరి పక్క చిన్న స్టేషన్ ఒకటి రైళ్ళు ఆగిపోయి ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంది. కొత్త లైను కోసం దాన్ని త్వరలో పడగొడతారట. ఆ వారాంతమే బస్సెక్కాను.

మామ స్కూటరును నేను బయటికి తీస్తుంటే అవ్వ చెంగు దోపుకుని వచ్చి వెనక కూర్చుంది. "ఒంటి ఆడపిల్లను అట్లాంటి చోటికి పంపేదా? నేనూ వస్తాను. నీడన కూసుంటా, నీ జోలికి రాను" అంది. ఆ చివరి మాట నేను నమ్మాను.

స్టేషన్ నేను కలగన్నట్టే ఉంది. గడ్డిలో మునిగిన పట్టాలు, రంగు వెలిసిన ఊరి పేరు, టికెట్ కిటికీ ఊచలకు అడ్డంగా పెద్ద సాలెగూడు. సాయంత్రపు ఎండ ఆ గూటి మీద పడేదాకా ఆగుదామని, ఈలోగా నీళ్ళ ట్యాంకు తీద్దామని వెనక్కి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి సాలెగూడు లేదు. దుమ్ము లేదు. అవ్వ కంపమండలు విరిచి చీపురు కట్టి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు శుభ్రంగా ఊడ్చేసింది.

"ఏం చేస్తివి అవ్వా?"

"ఫోటో తీస్తానంటివే. ఇట్ల గలీజుగా ఉంటే ఎట్ల తీసేది? చూసినోళ్ళు మన ఊరిని ఏమనుకుంటారు?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ అదేమీ పట్టించుకోకుండా తలుపు లేని స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళి, లోపల మిగిలిన రాతిబల్ల తుడుచుకుని, టికెట్ కిటికీ వెనక కూర్చుంది. "ఆ కాలంలో ఈ రూములో కాలు పెట్టనీలే పాపా. కిటికీలోనించి ఒట్టి చెయ్యే కనపడతా ఉండె. లోపల ఏముండాదో చూడాలని చానా ఆశ."

"ఏముంది?"

"ఏమీ లే" అంది, కానీ లేవలేదు.

అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఊడ్చిన ప్లాట్‌ఫారం చూశాడు, నా కెమెరా చూశాడు, కిటికీలో అవ్వను చూశాడు. దగ్గరికొచ్చి మర్యాదగా, "టికెట్ ఇస్తా ఉండారా?" అని అడిగాడు.

"ఇంకా లేదు" అంది అవ్వ.

ఆ 'ఇంకా' అన్న మాట మా కొంప ముంచింది. కాసేపటికి మోపెడ్ల మీదా, చేలగట్ల మీదా జనం రావడం మొదలైంది. రైల్వే ఆఫీసరమ్మ వచ్చిందట, కొలతలకు ఫోటోలు తీస్తుందట. "మా చేను పోతాదా మేడం?" అని ఒకాయన. "రైలు ఈడ నిలుస్తాదా? నా బిడ్డ మదురై కాలేజీకి బస్సు మారి బస్సెక్కి పోతాది" అని ఒకామె. నేను ఆఫీసరును కానని ఎంత చెప్పినా, "పైనుంచి చెప్పొద్దని ఆర్డరు ఉంటాది, పావం" అని నా మీద జాలిపడ్డారు. అవ్వ మాత్రం కిటికీలోంచి ధైర్యంగా "ఆమా, నిలుస్తాది. నిలవకపోతే ఎట్ల?" అని హామీలిస్తూనే ఉంది. నేను ఎండ దిగిపోతోందని అందరినీ పక్కకు జరగమని బతిమాలుతూ, కసురుతూ, ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తుతున్నాను.

ఇంతలో జీపు వచ్చింది. అందులోంచి దిగిన కుర్ర ఇంజనీరు నిజంగానే రైల్వే మనిషి. "ఆఫీసు తెరిచింది ఎవరు?" అని తమిళంలో గట్టిగా అడిగాడు.

"మేము ఫోటో తీయను వచ్చినాము. మీరెవరు?" అంది అవ్వ కిటికీలోంచి.

అతను నా వైపు తిరిగి, అనుమతి లేకుండా ఇక్కడ ఫోటోలు తీయకూడదని చెప్పి కెమెరా అడిగాడు. మెడలోంచి తీసి ఇచ్చాను. అతను ఒక్కొక్క ఫోటో చూస్తూ పోయాడు. ఒకదానిలో నీళ్ళ ట్యాంకు, ఒకదానిలో ఎవరిదో మోచెయ్యి, ఒకదానిలో మేక, మిగిలినవాటిలో అవ్వ. "ఇందులో స్టేషన్ ఎక్కడుంది?" అని అడిగి, నవ్వు ఆపుకోలేక కెమెరా తిరిగిచ్చాడు. కానీ జనం అతన్ని వదల్లేదు. అసలు మనిషి దొరికాడు కదా. అతను చెమట తుడుచుకుంటూ చెప్పాడు, ఈ కట్టడం పోతుంది, పక్కన కొత్తది వస్తుంది, రైలు నిలుస్తుంది, చేలు ఎవరివీ పోవు. కాలేజీ పిల్ల తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మేకలాయన గోడ మీద చెయ్యి వేసి నిలబడి, "పడగొట్టేది ఉంటే, ముందు మా అందరినీ ఒక ఫోటో తీయమ్మా" అన్నాడు.

వెలుతురు పోయింది, సాలెగూడు పోయింది, ఇంక పోయేదేముంది? తీశాను. ఇంజనీరు కూడా చివర నిలబడ్డాడు. కిటికీలో అవ్వ కదలకుండా, నవ్వకుండా, ఎంతో బాధ్యత గల మనిషిలా కూర్చుంది. క్లబ్బు వాళ్ళు దాన్ని చూసి పెళ్ళి ఫోటోలా ఉందన్నారు. గోడ మీద చోటు వేరే ఎవరికో వెళ్ళింది. నేను ఒక ప్రింటు వేయించి మామకు పంపి, ఆ సంగతి మరిచిపోయాను.

కొన్నేళ్ళకు రైలు వచ్చింది. అవ్వ ఒక్కసారే ఎక్కి, "చానా వేగం పాపా, మన చేను కనపడేలోపలే పోయె" అని ఫిర్యాదు చేసింది. ఈ మధ్య నేనూ ఆ రైల్లో వెళ్ళి కొత్త స్టేషన్‌లో దిగాను. బయట టీ కొట్టులో గోడ మీద నా ఫోటో, ఫ్రేము కట్టి ఉంది. తీసింది ఎవరని అడిగాను.

"ఎవరో ఆఫీసరమ్మ. అందరికీ నేను చెంబుతో టీ తెచ్చినా. అందరూ తాగిరి. ఆయమ్మ కప్పు అట్లనే చల్లారిపోయె. ఒక్క నిమిషం నిలిస్తే కదా" అన్నాడు కొట్టాయన.

ఆ రోజు టీ వచ్చినట్టే నాకు తెలియదు. బెంచీ మీద కూర్చుని ఒక టీ తాగాను. ఆనాడు కెమెరాతో పరుగెత్తిన ఆ పిల్ల వాటాది కూడా నేనే తాగుదామని, ఇంకొకటి ఇమ్మన్నాను.