ఉండండి, చూద్దాం

యజ్ఞనారాయణ గారు నెట్‌లో చూడనిదే తుమ్మరు కూడా. ఇది అసూయతో అంటున్న మాట కాదు. అసూయ ఉంది, దండిగా ఉంది, దాని సంగతి చెబుతాను. కానీ ఈ మాట మాత్రం అచ్చంగా నిజం.

మొన్న డిసెంబరులో మా ఇంటికొచ్చారు. టోపీ మీద రెండంగుళాల మంచు, మీసాల మీద ఇంకో పావంగుళం. మాట కలుపుదామని, "ఏమండీ, బయట ఇంకా పడుతోందా?" అన్నాను.

"ఉండండి, చూద్దాం" అంటూ చేతి గ్లవ్ పళ్లతో లాగి, ఫోన్ తీసి, కళ్లజోడు సర్దుకుని, టోపీ మీంచి కరిగి కారుతున్న నీళ్లను స్క్రీన్ మీంచి తుడుచుకుంటూ చదివారు. "పడుతోందటండీ. మన ఓక్‌విల్‌లో నాలుగింటి దాకా పడుతుందట."

వాళ్లావిడ శకుంతల గారు పక్కనే నిలబడి నిట్టూర్చారు. "ఇదొక లెక్కా అన్నయ్యగారూ? పెళ్లయి నలభై ఏళ్లయింది. కాఫీలో పంచదార సరిపోయిందా అంటే, మనిషి రోజుకెంత తినొచ్చో దాంట్లో చూసి అప్పుడు చెబుతారు."

"ఎంత తినొచ్చంటున్నారు?" అన్నాను.

ఆయన అప్పటికే చూస్తున్నారు.

సరే, ఇంతవరకూ వినడానికి సరదాగానే ఉంటుంది. నా కడుపుమంట వేరే. నా పేరు కోదండరామ్. ఎనభై నాలుగులో ఈ దేశం వచ్చాను. కారు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇంజినీరుగా చేశాను. నా అసలు ఉద్యోగం మాత్రం సాయంత్రం ఆరు తర్వాత మొదలయ్యేది. కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది, పిల్లాడికి ఏ బూట్లు కొనాలి, డ్రైవింగ్ టెస్టులో ఏ మలుపు దగ్గర ఫెయిల్ చేస్తారు, ఇలాంటివన్నీ నన్నే అడిగేవారు. "కోదండరామ్ గారికి ఫోన్ చెయ్" అనేది అప్పట్లో సగం టొరంటో తెలుగువాళ్ల ఊతపదం. అన్నం మధ్యలో లేచి ఫోనెత్తేవాణ్ణి. మా ఆవిడ సుధామయి విసుక్కునేది. నాకు మాత్రం ఆ చల్లారిన అన్నమే రుచిగా ఉండేది.

ఐదేళ్ల క్రితం ఈయన రిటైరై విన్నిపెగ్ నుంచి టొరంటో పక్కనున్న మా ఓక్‌విల్ వచ్చి, మా వెనక వీధిలో ఇల్లు కొన్నారు. అంతే, నా ఫోన్ మూగబోయింది. పాడైందేమోనని రెండుసార్లు సుధామయి ఫోన్ నుంచి నాకు నేనే చేసుకుని చూశాను. దివ్యంగా మోగింది.

తెలిసి చెబితే ఒప్పుకుందును. ఆయన చూసి చెబుతారు! చూసి చెప్పడం ఎవరికి రాదు? మధుమిత అనే అమ్మాయి ఉంది. ఇక్కడే చదువుకుని, నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో, "చలికి ఇడ్లీ పిండి అస్సలు పులవట్లేదు అంకుల్" అంది నాతో. నేను టక్కున చెప్పాను. "ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వెయ్యమ్మా. ఆ వేడికే పొద్దునకల్లా పొంగుతుంది." అది నేను ముప్పై ఐదేళ్లుగా చెబుతున్న చిట్కా.

ఆ పిల్ల బుద్ధిగా తలూపి, నాలుగడుగులు వేసి, ఆయన్ని అడిగింది.

"ఉండండి, చూద్దాం" అన్నారాయన. ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. పావుగంట చూశారు. "నాకూ ఇప్పటిదాకా తెలియదమ్మా. ఓవెన్‌లో లైటు వేసి పెట్టాలట!" అన్నారు. "వావ్ అంకుల్, సూపర్ ఐడియా!" అంది.

కారులో సుధామయితో వాపోయాను. "నేను చెప్పిందీ అదేగా?"

"మీరు చెప్పారు. ఆయన ఆ పిల్లతో పాటు కూర్చుని చూశారు" అంది.

తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే మూడ్‌లో కూడా లేను.

ఆ తర్వాత మా ఇంట్లో, ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ గురగురలాడటం మొదలెట్టింది. నేను బేస్‌మెంట్‌లో దాని ముందు నిలబడి ఆలోచిస్తుండగానే సుధామయి ఆయన్ని పిలిచేసింది! నా ఇంట్లో, నా ఫర్నేస్‌కి! ఆయన వచ్చి, ఓ చెవి దాని రేకుకి ఆనించి, అరగంట ఫోన్ చూసి, "ఫిల్టర్ మార్చాలటండీ" అన్నారు. మార్చగానే నోరు మూసుకుంది. ఫిల్టర్ మార్చమని చెప్పడానికి అరగంట ఏమిటండీ? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయనలో నాకు నచ్చిన గుణం ఒకే ఒక్కటి. నా జోకులకి నవ్వుతారు. ముఖ్యంగా కరెంటు కారు జోకుకి. అప్పట్లో చలికి ఇంజను బిగుసుకుపోకుండా కార్లకి హీటరు ఉండేది, దాని వైరూ ప్లగ్గూ కారు ముందు వేలాడుతూ ఉండేవి. ఎనభై ఆరు ఉగాది పార్టీలో ఎవరో కొత్తగా దిగిన కుర్రాడు అది చూసి, "ఏమండీ, ఈ దేశంలో కార్లు కరెంటుతో నడుస్తాయా?" అని నన్నడిగాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నలభై మందికి వినబడేలా, వాడి గొంతు అనుకరిస్తూ మళ్లీ చెప్పాను. హాలంతా గొల్లుమంది. ఆ జోకుతో ముప్పై తొమ్మిదేళ్లు పార్టీలు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి సాకేత్ నాకు కొనిపెట్టిందీ కరెంటు కారే, అది వేరే సంగతి. నేను ఈ జోకు చెప్పినప్పుడల్లా యజ్ఞనారాయణ గారు అందరికన్నా ముందు నవ్వేవారు.

ఇలా కుళ్లుకుంటూ ఉండగా నాకో అవకాశం వచ్చింది. మధుమిత, వాళ్లాయన రేవంత్ టొరంటో పక్కనే వాన్ అనే ఊళ్లో టౌన్‌హౌస్ కొన్నారు. రేవంత్ చదువుకునే రోజుల్లో అద్దెకి బేస్‌మెంట్ వెతికిపెట్టింది నేనే. ఆ కృతజ్ఞతతో ఫోన్ చేశాడు.

"అంకుల్, పంతులుగారు వ్రతానికి పన్నెండింటికి గానీ రాలేనన్నారు. గృహప్రవేశం, పాలు పొంగించడం పొద్దున్నే మమ్మల్నే కానిచ్చేయమన్నారు. మంచి టైం మీరే పెట్టాలి. అమ్మ కూడా ఊరి నుంచి వచ్చింది. ఇట్లాంటివాటిల్లో చాలా స్ట్రిక్ట్."

నన్నే అడిగాడు! ఆయన్ని కాదు! ఆ గర్వంతో, ఆయన విద్యతోనే ఆయన్ని కొడదామని, నేనూ నెట్ ముందు కూర్చున్నాను. మూడు రోజులు పంచాంగాలు తిరగేశాను. గురువారం మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "శనివారం ఉదయం 8:40. దివ్యమైన ముహూర్తం. కోదండరామ్." యజ్ఞనారాయణ గారి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. లొంగిపోయాడనుకున్నాను.

శనివారం ఎనిమిదిన్నరకి వాన్‌లో మైనస్ పద్దెనిమిది. ముహూర్తం కాకుండా గడప దాటకూడదు కాబట్టి అందరం బయటే ఉన్నాం. మధుమిత చేతిలో పాలగిన్నె, రేవంత్ చేతుల్లో దేవుడి పటం. వాళ్లమ్మ సరోజన గారు పట్టుచీర మీద రెండు స్వెట్టర్లు, వాటిమీద కొడుకు జాకెట్ వేసుకుని కొబ్బరికాయ పట్టుకున్నారు. మిగతావాళ్లు కొందరు కార్లలో హీటర్లు వేసుకుని అద్దాల్లోంచి చూస్తున్నారు. నేను గడప పక్కన పెళ్లిపెద్దలా నిలబడ్డాను.

అప్పుడు సరోజన గారు నావైపు తిరిగారు. "అన్నా, ఒక్క మాట. ఈ టైం మన దిక్కుదా, ఈ దేశందా?"

నా గుండె జారి బూట్లలో పడింది. ఎందుకంటే ఆ క్షణంలో నాకు ఆ పేజీ కళ్లముందు కనబడింది. పైన ఎడమ పక్కన చిన్న అక్షరాలతో ఊరి పేరు ఉంది. హైదరాబాద్. దాన్ని మార్చాలన్న సంగతే నాకు తట్టలేదు. నేను పెట్టింది హైదరాబాదు ముహూర్తం. ఇక్కడ అది నిన్న రాత్రే దాటిపోయింది. నలభై ఏళ్లుగా సంపాదించిన పరువు గడప ముందు కొబ్బరికాయలా పగలబోతోంది.

"ఉండండమ్మా, చూద్దాం" అంది ఒక గొంతు.

ఇంకెవరు? యజ్ఞనారాయణ గారు. ఫోన్ తీశారు. అయిపోయింది, నలుగురిలో నన్ను నిలబెట్టి చదివేస్తాడనుకున్నాను. ఆయన్ని అంతలా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

ఆయన చదవలేదు. వేలితో పైకి తోశారు, కిందికి తోశారు. "నెట్ స్లోగా ఉందమ్మా" అన్నారు. ఎనిమిదీ నలభై దాటింది. "ఈలోగా ముందు కుడికాలా, ఎడమకాలా అన్నది కూడా చూద్దాం" అన్నారు.

"కుడికాలే అన్నా! అది నాకు ఎరికే!" అన్నారు సరోజన గారు వణుకుతూ.

"కన్ఫర్మ్ చేసుకుంటే మంచిది కదమ్మా."

గుమ్మడికాయ గడపకి ఎంత దూరంలో కొట్టాలో చూశారు. పాలు గిన్నెకి ఏ దిక్కున పొంగాలో చూశారు. మా గుంపులో ఆయన చూస్తుండగా ఇంకొకరు ఫోన్ తీయడం మర్యాద కాదు, పైగా అందరి చేతులూ జేబుల్లోనే గడ్డకట్టి ఉన్నాయి. మధుమిత పళ్లు టకటకలాడుతున్నాయి. పాలగిన్నెలో మీగడ గట్టిపడింది. ఆయన్ని తిడదామని నేను పక్కకి జరిగాను. ఫోన్‌లోకి తొంగి చూశాను.

స్క్రీన్ నల్లగా ఉంది. ఫోన్ చచ్చిపోయి ఉంది. ఆ నల్లటి అద్దం మీద ఆయన వేలు శ్రద్ధగా పైకీ కిందికీ వెళుతోంది. ఆయన చూపు మాత్రం ఎడమచేతి గడియారం మీద ఉంది.

సరిగ్గా తొమ్మిదీ ఐదుకి తలెత్తారు. "ఇదిగో దొరికింది! టొరంటో టైం ప్రకారం తొమ్మిదీ ఐదు నుంచి దివ్యంగా ఉందమ్మా. కోదండరామ్ గారు ఎనిమిదీ నలభై అన్నది ఎందుకో తెలుసా? తొమ్మిదీ ఐదంటే మనవాళ్లు పదింటికి వస్తారు. అందుకని పాతిక నిమిషాలు ముందు చెప్పారు. అనుభవం అంటే అదీ!"

కార్లలోంచి దిగినవాళ్లంతా పకపకా నవ్వారు. "కరెక్ట్ అంకుల్, మేమైతే పదిన్నరకి వచ్చేవాళ్లం!" అన్నారెవరో. సరోజన గారు నా చేతిలో పసుపు కుంకుమ పళ్లెం పెట్టారు. "ఎంత ముందుచూపు అన్నా మీది! పెద్దోళ్లు, మీరే ముందుండి నడిపించాలె." మధుమిత కుడికాలు పెట్టింది. పాలు తూర్పువైపే పొంగాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఐదేళ్లుగా నేను కోరుకున్నది అదే, తీరా దొరికాక మింగుడుపడలేదు.

వంటగదిలో ఆయన్ని పట్టుకున్నాను. "మీ ఫోన్ చచ్చిపోయింది కదండీ?"

"కారు దిగగానే పోయిందండీ. పాత బ్యాటరీ, చలికి ఆగదు" అన్నారు, ప్రసాదం చప్పరిస్తూ.

"మరి తొమ్మిదీ ఐదు?"

"గురువారమే చూశాను. మీరు గ్రూపులో పెట్టగానే. నా సంగతి తెలుసు కదా, చూడకుండా ఉండలేను."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"గ్రూపులో అరవై మంది ఉన్నారండీ. విడిగా చెప్పినా మీరు మళ్లీ అక్కడే దిద్దుకోవాలి" అన్నారు.

ఇంతలో శకుంతల గారు వచ్చారు. "ఏమండీ, రేవంత్ కింద ఫర్నేస్ ఏదో చప్పుడు చేస్తోందంటున్నాడు. వెళ్లి చెప్పండి. ఇరవై ఎనిమిదేళ్లు ఫర్నేసులు డిజైన్ చేసినవాళ్లు, మళ్లీ అరగంట నెట్ చూస్తూ కూర్చోకండి."

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన విన్నిపెగ్‌లో ఏం ఉద్యోగం చేశారో ఐదేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. "మీకు ఫర్నేసులు తెలుసా? మరి మా ఇంట్లో ఆ అరగంట నాటకం ఏమిటండీ? ఆ ఇడ్లీ పిండి ఏమిటి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "తెలిసినవాడు టక్కున చెప్పేస్తే, అడిగినవాళ్లకి తాము మరీ తెలివితక్కువవాళ్లమేమో అనిపిస్తుందండీ. నాకూ తెలియదు, కలిసి చూద్దాం అంటే ఆ బాధ ఉండదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, విన్నిపెగ్ వెళ్లకముందు, ఇక్కడే ఒకాయన్ని ఓ ప్రశ్న అడిగాను. ఆయన నవ్వారు. హాల్లో ఉన్న నలభై మందీ నవ్వారు. తర్వాత చాలా ఏళ్లు ఎవర్నీ ఏమీ అడగలేదు. నెట్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది. పాపం, అది నవ్వదు."

నా చెవులు వేడెక్కాయి. "ఏం ప్రశ్న?" అన్నాను, తెలిసి కూడా.

"ఎప్పటిదో లెండి. కారు గురించి" అని నవ్వి, ఫర్నేస్ చూడటానికి కిందికి వెళ్లిపోయారు.

ఆ జోకు ఆయన ముందు ఎన్నిసార్లు చెప్పానో లెక్కపెట్టడానికి ప్రయత్నించాను. ఆరుసార్ల దాకా గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. అంత సిగ్గులోనూ, ఈ మనిషి మంచితనంలో కూడా నన్ను ఓడించాడే అని కాస్త కుళ్లు కూడా పుట్టింది. ఏం చేయను, నా బుద్ధి అంత.

భోజనాలయ్యాక అందరూ డ్రైవ్‌వే మీద వీడ్కోలు చెప్పుకుంటున్నారు. నా కారు ఛార్జింగ్ చలికి సగానికి సగం పడిపోయింది. ఇంట్లో అయితే సాకేతే గరాజ్‌లో ప్లగ్ పెడతాడు. ఓక్‌విల్ దాకా వెళ్లాలంటే బయటెక్కడో పెట్టాలి. ఎక్కడో నాకు తెలియదు. సుధామయిని అడగొచ్చు, రేవంత్ చెవిలో అడగొచ్చు.

గొంతు సవరించుకున్నాను. అందరికీ వినబడేలాగే అడిగాను. "యజ్ఞనారాయణ గారూ! ఈ దేశంలో కార్లు కరెంటుతో నడుస్తున్నాయండీ. ఆ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. కాస్త చూసి చెబుతారా?"

ఆయన నా మొహంలోకి ఓ క్షణం చూశారు. తర్వాత మెల్లగా జేబులోంచి ఆ చచ్చిపోయిన ఫోన్ తీశారు.

"ఉండండి, చూద్దాం" అన్నారు.

నేను కళ్లజోడు పెట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఆ నల్లటి స్క్రీన్‌లోకి చాలాసేపు శ్రద్ధగా చూశాం.