మూడో గుండీ

మా కుంగ్‌ఫూ మాస్టర్ పోయారు. రాష్ట్రం వచ్చిన సంబురానికి చౌరస్తాలో కట్టిన తోరణాలు ఇంకా విప్పనేలేదు. పొద్దున్నే కొట్టు తీసి, జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తుంటే మాస్టర్ భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను వదినా అంటాను. "మీ అన్న నిద్రలనె పోయిండు చెల్లె. ఎవ్వల్ని తిప్పలు పెట్టలె" అంది. కత్తెర పక్కన పెట్టి ఏడ్చాను. ఏడుస్తుండగా మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఆ మనిషితో నా పరిచయం పదకొండు చినిగిన ప్యాంట్లతో మొదలైంది మరి.

గోదావరిఖనిలో బట్టలు కుట్టడం నా పని. మాస్టర్ బొగ్గుగనిలో టింబర్‌మ్యాన్. అంటే కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే మనిషి. పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, సాయంత్రం ఐదింటికి క్వార్టర్ల పక్క గ్రౌండులో కుంగ్‌ఫూ నేర్పేవారు. ఓ పదేళ్ల కిందట నల్ల గుడ్డ తెచ్చి పదకొండు జతలు కుట్టమన్నారు. నేను స్కూలు యూనిఫాం కుట్టినట్టే ఒద్దికగా కుట్టి ఇచ్చాను. మర్నాడు మూట భుజాన వేసుకుని మళ్లీ వచ్చారు. మొదటి తన్నుకే పదకొండు ప్యాంట్లూ కుట్ల దగ్గర విడిపోయాయట.

నేను తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు. "కాలు ఎంత ఎత్తు లేస్తదో ఎరుకలేకుంట ప్యాంటు ఎట్ల కుడ్తవ్ చెల్లె? రేపు ఐదు గొట్టంగ గ్రౌండుకు రా. నీ కాలే లేపి చూడు" అన్నారు.

చూసొద్దామని వెళ్లినదాన్ని అక్కడే ఉండిపోయాను. ప్యాంట్ల సంగతి మూడో రోజుకే తేలింది. కాళ్ల మధ్య ఇంకో గుడ్డ ముక్క అతికితే చాలు. కానీ ముప్పై దాటి, మిషను మీద వంగి వంగి నడుము పట్టేసిన నాకు, నా కాలు గాల్లోకి లేచి మళ్లీ నా దగ్గరికే తిరిగొస్తే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంట్లో మా ఆయన మాత్రం, "ఇగ ఈ ఇంట్ల కూర ఎట్లున్నా బాగున్నదనాలె" అని పక్కింటివాళ్లతో చెప్పుకున్నాడు.

క్లాసులో ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆమె గనిలో ఇంజనీరుగారి భార్య, గుంటూరు వైపు మనిషి. నేను మేడం అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. స్పారింగ్‌లో మమ్మల్నే జోడీగా నిలబెట్టేవారు. దెబ్బ తగలకుండా, తాకీ తాకనట్టు ఆడాలి. ముఖం జోలికి పోకూడదు. "గిది కొట్లాట కాదు, ముచ్చట. ముచ్చట్ల ఎవలన్న అరుస్తరా?" అనేవారు మాస్టర్.

ఆ ముచ్చటకు ఆయన పెట్టిన పద్ధతి నా కొట్టులోంచే వచ్చింది. మా సుద్దబిళ్లల పొడి పిడికిళ్లకు రాసుకోవాలి. ఆట అయ్యాక ఎదుటివారి నల్ల చొక్కా చూడాలి. చిన్న చుక్క పడితే తాకినట్టు. అట్టు పోసినట్టు మరక పడితే కొట్టినట్టు. కొట్టినవాళ్లు ఎదుటివారి చొక్కా ఇంటికి తీసుకుపోయి ఉతికి తేవాలి. మేడం చొక్కా ఎన్నిసార్లు ఉతికానో నాకే తెలియదు. ఇంజనీరుగారి ఇంటికి నేను చాకిరీకి కుదిరానని మా వాడలో అనుకునేవారు.

నా జబ్బు ఏమిటంటే, ఎదుటి పిడికిలి కదలగానే నా కళ్లు మూతపడేవి. కళ్లు మూతపడగానే భయం. భయం రాగానే చెయ్యి బలంగా పోయేది. ఒకరోజు అలా పోయిన చెయ్యి మేడం ముక్కుకు తగిలింది. ఆమె చొక్కా మీద సుద్దకు బదులు రక్తం పడింది. ఆ చొక్కా కూడా ఉతికాను. ఇచ్చిరావడానికి వాళ్ల ఇంటిదాకా వెళ్లే ధైర్యం లేక కొట్టులోనే పెట్టుకున్నాను. మేడం వారం రోజులు గ్రౌండుకు రాలేదు. నేనూ పోలేదు.

ఎనిమిదో రోజు మాస్టర్ కొట్టుకు వచ్చారు. "నాతోని కాదన్నా. తన్నుడు నేర్పు చాలు, మనిషి ముందల నిలబడ" అన్నాను. ఆయన గజం బద్ద తీసుకుని నా కొట్టు రేకుల కప్పును ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చారు.

"గనిల పొద్దుగాల మొదటి పని గిదే. గడ తీస్కోని కప్పును తడ్తం. గట్టిగున్న కప్పు ఖంగుమంటది. బోలు కప్పు డబ్బుమంటది. భయం నాకు గూడ ఉంటది చెల్లె. అయితె భయపడి జోరుగ కొడితే ఏమైతది?"

"మీద పడ్తది."

"కండ్లు మూస్కుంటే?"

"ఎక్కడ పడ్తదో ఎరుకగాదు."

"మరి ఎరికె ఉన్నది గద. కొట్టుడు కాదు, తట్టుడు. తట్టి ఇనుడు. రేపు రా."

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగారు. "ఆమె చొక్కా గుండీలు నువ్వే కుట్టినవ్ గద? రేపు అవి సక్కగున్నయా లేవా చూడు. ఇంకేం చెయ్యకు."

మర్నాడు వెళ్లేసరికి మేడం అక్కడే ఉంది. కబురు ఎవరు పంపారో అడగక్కర్లేదు. ముక్కు మీద వాపు తగ్గింది. నా చేతిలోంచి చొక్కా తీసుకుని పైన తొడుక్కుంటూ, "నాకు జలుబు చేసిందక్కా, మీరేమో ఇల్లు మారిపోయారనుకున్నాను" అంది. నిజంగా జలుబో, నాకోసం అన్నదో ఇప్పటికీ చెప్పలేదు.

ఎదురెదురుగా నిలబడ్డాం. "మోచెయ్యి కిందికి. భుజం వదులు. చెయ్యి పోయిన తొవ్వనె వాపసు రావాలె" అని మాస్టర్ గుర్తుచేశారు. ఆమె పిడికిలి కదిలింది. నేను గుండీలు చూస్తున్నాను. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోది ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. ఉతికి ఉతికి నేనే దాన్ని ఆ గతికి తెచ్చాను. అయ్యో ఊడిపోతుందే అన్న ఫికర్‌లో పడి కళ్లు మూసుకోవడం మరిచిపోయాను. ఆమె పిడికిలి నా భుజం పక్కనుంచి పోవడం మొత్తం చూశాను. నా చెయ్యి వెళ్లి ఆ గుండీ మీద ఆగి, వెళ్లిన దారినే వెనక్కి వచ్చింది.

మేడం వంగి చూసుకుంది. నల్ల గుండీ మీద తెల్ల చుక్క. "ఊడలేదక్కా" అంది. ఆ ఆనందం పట్టలేక ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. మాస్టర్ ఎప్పుడూ ఆట చివర అడిగే మాటే అడిగారు. "ఏం ఇనబడ్డది?"

ఎవరు గెలిచారని ఆయన ఏనాడూ అడగలేదు. ఎదుటి మనిషి గురించి కొత్తగా ఏం తెలిసిందో చెప్పాలి, అంతే. "మేడం ఎడమ కాలు కదిపేముందు పెదవి కొరుకుతది" అన్నాను. "అక్క ఊపిరి బిగబట్టి ఆడుతుందండీ" అని ఆమె అంది. "అయితె ఇద్దరు ఇయ్యాల ఏదో ఒకటి ఇంటికి తీస్కపోతున్నరు" అని మాస్టర్ నవ్వారు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆయనతోనే ఆడాను. అన్నేళ్లలో ఆయన చొక్కా మీద చుక్క పెట్టింది లేదు. ఆ రోజు పెట్టాను. మూడో గుండీ దగ్గరే. కానీ సంతోషం రాలేదు. నా వేళ్ల కణుపులకు ఆయన ఊపిరి లోపల గరగరమంటూ తగిలింది.

"ఏం ఇనబడ్డది?" అన్నారు.

"రొమ్ము బోలుగ పలుకుతున్నదన్నా. రేపే దవాఖానకు పో."

"నేర్సినవ్ చెల్లె" అన్నారు. మర్నాడే వెళ్లారు. ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడట. ఆ రెండేళ్లూ ఆయన గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చుని, అందరి మరకలూ చూసి ఎగతాళి చేశారు. రాష్ట్రం వచ్చిన రోజు మనవరాలిని భుజాన ఎక్కించుకున్నారు. వదిన వద్దని మొత్తుకుంటున్నా వినలేదు. నేను ఆయనకు తిరిగి ఇచ్చింది ఏమైనా ఉంటే ఆ ఒక్క మాటే. అది కూడా ఆయన నేర్పిందే.

పదకొండో రోజు సాయంత్రం అందరం గ్రౌండుకు చేరాం. మంచిర్యాలకు బదిలీ అయిన మేడం కూడా వచ్చింది. వదిన మాస్టర్ నల్ల చొక్కా తెచ్చింది. మా కొట్టు హ్యాంగరుకు తగిలించి దాన్ని వాలీబాల్ స్తంభానికి వేలాడదీశాం. ఎవరూ ఏమీ చెప్పకుండానే వరుస కట్టి, పిడికిళ్లకు సుద్ద రాసుకుని, ఒక్కొక్కరం ముందుకు వెళ్లి తాకి వచ్చాం.

అంతమంది తాకినా చొక్కా ఊగలేదు.

వదిన దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, మాస్టర్ చూసినట్టే పైనుంచి కిందికి చూసింది. "ఒక్క మరక లేదు. ఇగ ఇది ఉతికే పనే లేదు" అని నవ్వింది. మూడో గుండీ చుట్టూ తెల్లటి సుద్ద చుక్కలు ఉన్నాయి.