సర్దార్జీ మేనల్లుడి ఆఖరి స్నానం

కువైట్‌లో మొదట ఏం ఉద్యోగం చేశావని ఇప్పటికీ ఎవరైనా అడిగితే కార్గో అంటాను. అబద్ధం కాదు. అల్ రాయ్‌లో కార్ల షోరూముల వెనక ఒక గోడౌను, దాని ముందు ఒక గది, ఆ గదిలో టైపు మిషనూ నేనూ. అమలాపురంలో టైపు హయ్యర్ పాసై, ఎనభైల మొదట్లో వీసా దొరికి విమానం ఎక్కినప్పుడు, టీవీలూ ఫ్రిజ్‌లూ పంపించే కంపెనీ కాబోలు అనుకున్నాను. వచ్చిన మూడో రోజున తెలిసింది, మేం పంపించేది శవాలని.

పరాయి దేశంలో పోయినవాణ్ణి ఇంటికి చేర్చాలంటే చాలా కాగితాలు కావాలి. వీసా ఇప్పించిన కఫీల్ ఇచ్చే ఉత్తరం, ఆసుపత్రి సర్టిఫికెట్టు, ఎంబసీలో పాస్‌పోర్టు రద్దు చేయించడం, విమానం వాళ్ల అనుమతి. అవన్నీ నేనే టైపు చేసేవాణ్ణి. ఆ పని మీద నాకు ఏవగింపు లేదు, ఎవరో ఒకరు చెయ్యవలసిందే. ఉన్నదల్లా మా సేఠ్ మీదే. ఆయనా మన దేశం వాడే. రోజూ గదిలో గులాబీ అత్తరు చల్లించేవాడు. గోడౌన్లోంచి వచ్చే ఫార్మలిన్ ఘాటూ ఆ అత్తరూ కలిసి నా చొక్కాల్లోకి ఇంకిపోయాయి. అన్నం కలుపుకుంటే వేళ్ల దగ్గర అదే వాసన. ఎవరైనా ఏడుస్తూ లోపలికి వస్తే ముందు పెట్టె కొలత కోసం శవం ఎత్తెంతో అడిగేవాడు, తర్వాత మతం అడిగేవాడు. "హిందువుకి హిందూ పద్ధతి, సిక్కుకి సిక్కు పద్ధతి, క్రిస్టియన్‌కి క్రిస్టియన్ పద్ధతి. నేను స్పెషలిస్టుని" అనేవాడు హిందీలో, ప్రతివాడితోనూ అదే గొంతుతో.

నా రెండో వేసవిలో ఒక ముసలి సర్దార్జీ వచ్చాడు. వడ్రంగుల మీద ఫోర్‌మన్. మహబూలాలో కడుతున్న ఒక భవనం దగ్గర ఆయన మేనల్లుడు పరంజా మీంచి పడి చనిపోయాడు. ఇరవై ఆరేళ్లవాడు. సర్దార్జీ చంకలో తెల్లగుడ్డ మూట ఉంది. బల్ల మీద పెట్టి విప్పాడు. కొత్త పాగా గుడ్డ, మోకాళ్ల దాకా వచ్చే లాగు, చిన్న చెక్క దువ్వెన, జానెడు కృపాణం.

"కడియం వాడి చేతికే ఉంది. వాడు అమృతం తీసుకుని దీక్షలో ఉన్నవాడు. నీళ్లతో స్నానం చేయించి, తలకి పెరుగు రాసి కడగాలి. జుట్టు దువ్వి ముడి వెయ్యాలి. కత్తెర మాత్రం తగలకూడదు. వాడు పుట్టిన దగ్గర్నుంచి తగల్లేదు" అన్నాడు.

సేఠ్ అప్పుడు షవర్మా తింటున్నాడు. నోట్లో ముద్ద పెట్టుకునే, "ఎత్తెంత?" అన్నాడు. సర్దార్జీ చెయ్యి తన తలపైకి ఎత్తి చూపించాడు. ఆ చెయ్యి గాలిలో కాసేపు అలాగే నిలబడింది.

"దిగులు పడకండి. నా దగ్గర సిక్కు పద్ధతి తెలిసిన మనిషి ఉన్నాడు."

"నేను స్వయంగా వచ్చి చేస్తాను."

"మార్చురీలోకి బయటివాళ్లని రానివ్వరు. ఇక్కడి రూలు."

నేనూ అది నిజమే అనుకున్నాను. సర్దార్జీ తల ఊపి మూట మళ్లీ కడుతూ నా బల్ల వైపు చూశాడు. ఉత్తరాలు చింపుకోవడానికి నేను వాడే చిన్న కత్తి అక్కడుంది. నేను చేరిననాటికే సొరుగులో ఉండేది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసి, కళ్లకద్దుకుని, పిడి మీద చెక్కిన పంజాబీ అక్షరాలు తడిమాడు.

"ఇది నీకెక్కడిది, బేటా?"

"సొరుగులో ఉందండీ."

"ఎవరో కస్టమరు బహుమతిగా ఇచ్చాడు. కావాలంటే తీసుకోండి" అన్నాడు సేఠ్, వేళ్లు తుడుచుకుంటూ.

సర్దార్జీ దాన్ని తన మూటలో పెట్టుకుని, చెప్పినట్టు చెయ్యమని మూట సేఠ్‌కి అప్పగించబోయి, చేతులు రాక, రేపు తెస్తానని చంకన పెట్టుకునే వెళ్లిపోయాడు. నేను నా కుడిచేతి వంక చూసుకున్నాను. ముందురోజే ఆ కత్తితో బూటు అడుగున అంటుకున్న తారు గోకాను.

మా వ్యాన్ డ్రైవరు రాజోలు వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. సాయంత్రం బండి కడుగుతుంటే వెళ్లి ఆ కత్తి సంగతి అడిగాను. గొట్టం కట్టేసి నా వైపు చూశాడు.

"నీకు తెలీదేంటి తమ్ముడూ? శవం మీంచి తీసిందే. ఇనుప సామాను ఉంటే కస్టమ్స్ వోళ్లు శవప్పెట్టి తెరిపిత్తారు, ఆలస్యమవుద్దని మొత్తం తీసేయమంటాడు. కడియాలన్నీ గోడౌన్లో బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి."

"మరి ఆ సిక్కు పద్ధతి తెలిసిన మనిషి?"

"ఆ మనిషిని నేనే." నవ్వబోయి మానేశాడు. "గొట్టం పెట్టి నీళ్లు కొడతాను, అంతే. జుట్టు తడిత్తే ఓ పట్టాన ఆరదు కదా. పెట్టిలో వాసనొత్తాదని కత్తిరించేయమంటాడు. పైన పాగా చుట్టేత్తే ఎవడు చూత్తాడు?"

"నువ్వే కత్తిరించావా?"

"ఆయ్, నేనే. నా పాస్‌పోర్టు ఆడి దగ్గరుంది, ఏం చేయమంటావు?"

స్నానం శాస్త్రోక్తంగా జరిగిందని ప్రతి ఇంటికీ ఉత్తరం టైపు చేసింది నేను. ప్రతిసారీ అదే వాక్యం. చూసి కొట్టనక్కర్లేదు, వేళ్లకే వచ్చేసేది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వ్యాన్ వేసుకుని సర్దార్జీ ఉండే క్యాంపుకి వెళ్లాం. చెప్పమని డ్రైవరు నన్నే ముందుకి తోశాడు. వచ్చీరాని హిందీలో అంతా చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. "నిన్న రాత్రే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. అంతే. లోపలికి వెళ్లి మూటా, రెండు పెరుగు డబ్బాలూ, ఇద్దరు మనుషుల్నీ తీసుకొచ్చాడు. డ్రైవరు గోడౌన్లోంచి తెచ్చిన బిస్కెట్ డబ్బా సీటు కింద నుంచి తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. దారి పొడుగునా ఆయన దాని మూత తెరవలేదు. బండి కుదిపినప్పుడల్లా లోపల గలగలమంటుంటే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

మార్చురీ తలుపు దగ్గర ఉన్న ఈజిప్టు ముసలాయన, మేం బంధువులమని చెప్పగానే తాళం తీసి పక్కకి తప్పుకున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. మాకు కుర్చీ కూడా వేశాడు. రూలూ లేదు, గీలూ లేదు. సేఠ్‌కి పని తొందరగా తెమలాలి, అంతే. నేను బయటికి పోయి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

తిరిగి లోపలికి వచ్చేసరికి వాళ్లు కడుగుతున్నారు. ముగ్గురూ తగ్గు స్వరంతో వాహెగురు, వాహెగురు అంటున్నారు. ఆ కుర్రవాడి జుట్టు నడుము దాటి ఉంది. నెత్తురు అట్టకట్టిన చోట పెరుగు రాసి వేళ్లతో మెల్లగా విడదీస్తున్నాడు మేనమామ. తల పట్టుకోమంటే పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. డ్రైవరు బిందెతో నీళ్లు అందిస్తూ తల ఎత్తలేదు. చిక్కు తియ్యడానికే చాలాసేపు పట్టింది. ముడి వేసి, పాగా కట్టి, కొత్త బట్టలు తొడిగి, కృపాణం నడుముకి పెట్టే సమయానికి గులాబీ అత్తరు వాసన వచ్చింది.

"ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?" అన్నాడు సేఠ్. తర్వాత గొంతు మార్చి, "సర్దార్జీ, ఆ కత్తి తియ్యండి. ఇనుము ఉంటే విమానం ఎక్కించుకోరు. రూలు" అన్నాడు.

"ఆ రూలు కాగితం చూపించు."

"కాగితాలన్నీ వీడే చూస్తాడు, అడగండి." నా వైపు చెయ్యి చూపించాడు. నేను అవునంటానని ఆయనకి ఎంత నమ్మకమో ఆ మొహంలో కనిపించింది. అది చూస్తే ఆయన మీద కన్నా నా మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

"అలాంటి కాగితం లేదండీ" అన్నాను. సర్దార్జీకి వినిపించింది. ఆయనే దగ్గరుండి పెట్టెకి సీలు వేయించాడు. కృపాణం లోపలే వెళ్లింది. ఎక్కడా ఎవరూ ఆపలేదు.

సేఠ్ నన్ను తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. నాలుగు రోజుల తర్వాత పిలిచి కంపెనీలన్నిటికీ పంపమని ఒక ఉత్తరం చెప్పాడు. "ఇకమీదట మా వద్ద, కోరినవారికి, బంధువుల చేతుల మీదుగానే సంప్రదాయ స్నానం చేయించే ప్రత్యేక ఏర్పాటు కలదు." నవ్వుతూ చెప్పాడు. నేను టైపు చేశాను. అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఇఖామా, తీరేదాకా ఇంకో పదకొండు నెలలు ఆ గదిలోనే కూర్చుని అలాంటివి చాలా టైపు చేశాను.

ఆ మధ్యలో సర్దార్జీ ఒకసారి వచ్చాడు. లోపలికి రాలేదు, నన్ను బయటికి పిలిచాడు. చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. చితికి ముందు పెట్టె తెరిచి, తల్లి కొడుకు పాగా ఒకసారి సడలించి జుట్టు నిమిరి మళ్లీ కట్టిందట. చెబుతూ కళ్లు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మిగతా తల్లులు కూడా సడలించి చూసే ఉంటారు కదా, బేటా. వాడికి ముందు ఎంతమంది?"

ఫైళ్లు సర్దేది నేనే. ప్రతి పేరూ నా చేతులతో కొట్టిందే.

"తెలీదండీ" అన్నాను.