నల్లులు ఇప్పించిన సీటు

ఆ రోజుల్లో నాకు ఒక చోట కాలు నిలిచేది కాదు. అశోక్‌నగర్ హాస్టల్ మూడో అంతస్తు గదిలో నలుగురం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురూ గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు, నేనొక్కదాన్నే, ప్రకృతి శాస్త్రాల్లో పీజీ కోర్సులు, పరిశోధన తప్ప మరేమీ లేని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సీటు కోసం చూస్తున్నాను. ("అండ్ల సదివితే పోస్టింగ్ ఏడ ఇస్తరే?" అని పక్క మంచం అక్క రోజూ అడిగేది. నాకూ తెలియదు.) వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఉన్న ఉదయం, కుదురు లేక చిక్కడపల్లి నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా రెండుసార్లు నడిచొచ్చాను. చదివినదంతా దారిలోనే రాలిపోయింది. గదిలో గోలగా ఉంటుందని హాస్టల్ ఆంటీ తన గదిలో కూర్చోబెట్టింది. "నేను సప్పుడు జెయ్య బిడ్డా, నువ్వు మాట్లాడుకో" అని వెనక చిక్కుడుకాయల నార తీస్తూ కూర్చుంది.

తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. మొదటి రెండు ప్రశ్నలకు పుస్తకంలోని వాక్యాలు సగం సగం అప్పజెప్పాను. మూడో ఆయన తెలుగాయన. "పుస్తకాలు వదిలెయ్యమ్మా. నువ్వు స్వయంగా గమనించిన జీవి ఏదైనా ఉందా?" అన్నారు. "నల్లులు సార్" అనేశాను. ఇక ఆగలేదు. గోడ పక్క మంచంలోనే ఎందుకు చేరతాయో, ఎవరిని ఎక్కువ కుడతాయో (నన్నే), నోట్‌బుక్ చివరి పేజీల్లో రాసుకున్నదంతా చెప్పేశాను. వెనక ఆంటీ ఉందన్న సంగతే మరిచిపోయాను.

"అబద్ధం సార్!" ఆంటీ ముఖం నా భుజం మీదుగా తెరలోకి వచ్చేసింది. "మా హాస్టల్ల నల్లుల్లేవు. పోయిన నెలనే మందు కొట్టిచ్చిన. రెండో అంతస్తుల ఒక్కటుంటే ఒట్టు. అన్నీ మూడో అంతస్తుకు పోయినయి!" అని నాలుక కరుచుకుంది.

తెలుగాయన ముందుకు వంగారు. "ఎన్ని రోజుల్లో వెళ్లాయమ్మా?"

"నాలుగు దినాలల్ల సార్."

తర్వాత పావుగంట ఇంటర్వ్యూ ఆంటీకే జరిగింది. చివర్లో ఆయన నావైపు తిరిగి, "అవి మందు వల్లే వెళ్లాయని ఎలా తేలుస్తావు?" అన్నారు. "మందు కొట్టని గదిని కూడా పక్కన పెట్టుకుని చూడాలి సార్" అన్నాను. ముగ్గురూ ఏదో రాసుకున్నారు.

ఫలితం వచ్చేదాకా ఆంటీ నాతో మాట్లాడలేదు. సీటు వచ్చిందని భయపడుతూనే చెప్పాను. "మంచిగైంది. గిప్పుడన్న జెప్పు, నల్లులు ఎట్ల పోతయే?" అంది.

"తెల్వదు ఆంటీ."

"మరి అయిదేండ్లు ఏం సదువుతవే?"

ఇప్పుడు నాలుగో ఏడు. ఎవరేమడిగినా, "ఇందులో ఇంకా లోతైన అధ్యయనం అవసరం" అంటాను, అందరూ తలలూపుతారు. ఆంటీ ముందు నిలబడి అంత తేలిగ్గా "తెల్వదు" అన్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.