గ్రేసి ఏడ్చిన సాయంత్రం

చెల్లెలు సునీత గ్రేసి అనే పాపను దత్తత తీసుకుని ఏడాది కావస్తోంది. తెచ్చిన వారంలో ఒకసారి చూశాను, అంతే. మొన్న సెలవు దొరకగానే నిజామాబాద్‌లో పొద్దున ప్యాసింజర్ ఎక్కాను.

కామారెడ్డిలో చంటిబిడ్డతో ఒకామె ఎక్కి నా ఎదుట కూర్చుంది. బిడ్డ 'ఊ' అన్నప్పుడల్లా ఏదో ఒకటి చెబుతోంది. పొలాలు చూపిస్తోంది, కూరల ధరలు కూడా చెప్పింది. వాడికేం తెలుస్తుందని నవ్వాను.

"ఊ కొడ్తాండు గదక్కా, నేను జవాబియ్యకుంటే ఎట్ల?" అంది.

మధ్యాహ్నానికి మేడ్చల్. స్టేషన్ బయట చాయ్ తాగి, షామీర్‌పేటలోని సునీత ఇంటికి ఆటో మాట్లాడుకున్నాను. నేరుగా బస్సు కోసం చూస్తే ఆలస్యమవుతుంది.

సునీత రొట్టెలు, పప్పుచారు, కోడిగుడ్డు కూర చేసింది. నాలుగేళ్ల గ్రేసి గుడ్డు తిని, రొట్టెముక్కను మెల్లగా గౌను జేబులో పెట్టుకుంది. చూడనట్టే ఉండమని చెల్లెలు సైగ చేసింది. పాప పడుకున్నాక అన్నీ చెప్పింది. మళ్లీ దొరుకుతుందో లేదోనని తిండి దాచుకోవడం అనాథాశ్రమంలో అయిన అలవాటట. అక్కడ ఆయాలు తక్కువ, ఉయ్యాలలు ఎక్కువ. ఎత్తుకుని కబుర్లు చెప్పే తీరిక ఎవరికీ లేదు. వచ్చిన కొత్తలో ఆకలేసినా, దెబ్బ తగిలినా గ్రేసి ఏడ్చేది కాదట. మెదడులో లోపమేమీ లేదనీ, మాటా ఆటా అందక ఎదుగుదల వెనకబడిందనీ, ఇప్పుడు అందిస్తే చాలావరకు పుంజుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. అంతా వస్తుందని మాత్రం మాటివ్వలేదు. రంగుల పేర్లు ఇంకా రావు. బడివాళ్లు ఇంకో ఏడాది ఆగమన్నారు.

ఎండ తగ్గాక ముగ్గురం చెరువు కట్ట మీదికి వెళ్లాం. కొంగల వెంట పరిగెత్తిన గ్రేసి బోర్లా పడింది. మోకాలు గీరుకుపోయింది. లేచి కూర్చుని రక్తం చూసుకుంది, తల తిప్పి సునీత ఎక్కడుందో వెతికింది. కనబడగానే రెండు చేతులూ చాచి గట్టిగా ఏడ్చింది.

సునీత ఒక్క ఉరుకున వెళ్లి ఎత్తుకుంది. దాని కళ్లు తుడుస్తూ తనూ ఏడుస్తోంది.

"సూడక్కా, నన్ను సూసి ఏడుస్తాంది. నేనొస్తనని తెలిసింది దీనికి."

పాప వీపు నిమురుతూ నిలబడ్డాను.

చీకటి పడుతుండగా మేడ్చల్‌లో తిరుగు బండి ఎక్కాను. గ్రేసికి చదువు ఎంత వస్తుందో నాకు తెలియదు. సునీత కూడా ఇప్పుడే లెక్కలు వేసుకోవడం లేదు. మీరు అటు వెళ్తే ఎండ తగ్గాక చెరువు కట్ట ఎక్కండి, గాలి బాగుంటుంది. నీళ్లెలా ఉన్నాయని అడిగితే నేను చెప్పలేను. నేను వాటివైపు చూడలేదు.