వెనక సీటులో మా వదిన

మా వదిన పోయిందని జంగారెడ్డిగూడెం నుంచి అన్న కొడుకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను రామచంద్రపురంలో మా అరుగు మీద కూర్చుని పేపర్లో తప్పులు వెతుకుతున్నాను. "బాబాయ్, అమ్మ లేదండి" అన్నాడు. ఆ మాటలో మాత్రం తప్పు వెతకలేకపోయాను. నేను తప్పు పట్టని మాట ఎంత అరుదో మా వాళ్లందరికీ తెలుసు.

ఏటా మా ఇంటిల్లిపాదీ వ్యాన్ మాట్లాడుకుని యాత్రకు బయలుదేరేవాళ్లం. పెనుగొండలో అమ్మవారి దర్శనం చేసుకుని, ఒక్కోసారి తిరుపతి దాకా. ముందుసీటు నాది. వెనక చక్రాల మీద ఎగిరెగిరి పడే సీటు వదినది, పిల్లలది. కడుపులో తిప్పే పిల్లకు నిమ్మకాయ, మారాం చేసేవాడికి జంతిక, మిగతా అందరికీ తన తెలియనితనం పంచేది.

పామాయిల్ తోట చూపించి, "కొబ్బరిచెట్లు ఇక్కడ ఎంత పొట్టిగా ఉన్నాయర్రా" అనేది. పిల్లలు కాదు కాదంటూ మీద పడేవాళ్లు. "అవునా? మరి తేడా ఏంటో చెప్పండి" అనేది. ఇక ఆకు దగ్గర్నుంచి గెల దాకా వాళ్లే చెప్పుకోవాలి. సాయంత్రం ఎండ కుడివైపు పడుతుంటే ఉత్తరానికి పోతున్నామనేది. దిక్కులు సరిచూసుకోవడానికి పిల్లలు చేతులు చాపితే వ్యానంతా మోచేతులే. ఏ పిల్లాడూ ఇంకా ఎంత దూరమని అడిగేవాడు కాదు.

"అన్నీ తెలిసినవాళ్ల పక్కన నిద్రొస్తుందర్రా, నా పక్కకి రండి" అని పిలిచేది.

ఆ అన్నీ తెలిసినవాణ్ణి నేనే. బడికి వెళ్లింది తక్కువ. మా కొట్లో పొట్లాలు కట్టే కాగితాలు చదివి పైకొచ్చాను. అందుకే నాకు ప్రతి సంగతీ సగమే తెలుసు, కానీ గట్టిగా తెలుసు. వదిన కొబ్బరి అనగానే ముందుసీట్లోంచి మెడ తిప్పి, "వదినా, అది పామాయిల్" అనేవాణ్ణి. వెనక చప్పున నిశ్శబ్దం. అది నా మీద గౌరవమనుకునేవాణ్ణి. "మీ చిన్నతాత ఉండగా మనకి దారి తప్పే యోగం లేదర్రా" అని నవ్వేది. దాన్నీ మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను.

అస్థికలు కలపడానికి జంగారెడ్డిగూడెం నుంచి రాజమండ్రి బయలుదేరినప్పుడు కలశం ఒళ్లో పెట్టుకుని అన్న కొడుకు ముందుసీట్లో కూర్చున్నాడు. "పిల్లల దగ్గర మీరు కూర్చోండి బాబాయ్" అన్నాడు. కూర్చున్నాను. గోదావరి మీద ఆనకట్ట ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మొదలుపెట్టాను. గోపాలపురం రాకుండానే ఇద్దరు నిద్రపోయారు, ఒకడు ఫోన్ తీశాడు.

ఐదో తరగతి చదివే వదిన మనవరాలు మాత్రం కిటికీలోంచి చూపించి అడిగింది. "అవి కొబ్బరిచెట్లా, చిన్నతాతయ్యా?"

"కాదమ్మా, పామాయిల్" అని ఆ మొక్క ఏ దేశంనుంచి వచ్చిందో ఎత్తుకున్నాను.

"నాకు తెలుసండి" అంది మెల్లగా. "నానమ్మకీ తెలుసు. మన తోట పామాయిలే కదా. మీరూ నానమ్మలా ఆడతారేమోనని అడిగాను."

ఆ తోట సంగతి నాకు తెలియకనా? అన్న పోయాక గెలలు కోయించింది, లారీలకెత్తించింది ఆవిడే. ఆ తోట గట్టు మీద కూర్చుని ఆవిడ పంపిన క్యారేజీ తిన్నాను. అయినా వ్యాన్ ఎక్కగానే ఆవిడ నాకు చెట్టు పోల్చుకోలేని ఆడమనిషి అయిపోయేది. ఒక్కసారైనా నన్ను పక్కకి పిలిచి, ఆట పాడుచేయకండి మరిదిగారూ అనలేదు. పిల్లల ముందు నా పరువు నిలబెట్టి, తన ఆట మళ్లీ మొదటినుంచి అల్లుకునేది.

కొవ్వూరు దాటి వంతెన ఎక్కాం. పిల్లలు లేచారు. మనవరాలు నా వంకే చూస్తోంది. ఇదేం కాలవర్రా అనాలని నోరు తెరిచాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, "గోదావరి" అనే వచ్చింది.

ఆ పిల్ల నన్ను వదిలేసి తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఇది కృష్ణే కదా?"

"కాదు, గోదారి. భద్రాచలంలో పుడుతుంది" అన్నాడు వాడు.

"అవునా? మరి భద్రాచలంలో నీళ్లెక్కడివి?"

నాసిక్ నా నాలుక చివరికొచ్చింది. కండువా అంచు నోట్లో కుక్కుకున్నాను. ముందుసీటు వాళ్లు నేను ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ల సీసా అందించారు. వాడు మాత్రం సీటు మీద మోకాళ్లేసి, అద్దానికి ముక్కు ఆనించి, నీళ్లు వచ్చేవైపు కళ్లు చికిలించి చూస్తున్నాడు.