పెద్దమ్మ నేర్చుకున్న ప్రశ్నలు

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున, పిట్లం బడిలో నేను హాజరు తీసుకుంటుండగా ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ ఇగ లేదు" అన్నాడు, అంతే. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వారంగా దవాఖానలోనే ఉంది. అనుకుంటున్న కబురే అయినా, ఆ పూట పిల్లల పేర్లు చదవడం నావల్ల కాలేదు.

బాన్సువాడలో మా రెండిళ్లకూ నడుమ గోడ ఒక్కటే. పెద్దమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ బీడీలు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకున్నాక కళ్లు వీధిలో పోయేవాళ్లను చూస్తుండేవి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. కొన్నేళ్ల కింద కుడిచేయి వణకడం మొదలైంది. నిజామాబాద్‌లో డాక్టర్ పార్కిన్సన్స్ అని చెప్పి గోలీలు రాశాడు. అప్పట్నుంచి మేమంతా ఆ చేతినే చూస్తూ ఉండిపోయాం. రోజూ గోడ మీంచి నేను అడిగేదీ అదే: "పెద్దమ్మా, చెయ్యి ఎట్లుంది?"

రెండేళ్ల కింద ఆమె మాట తగ్గిపోయింది. వదిన పెట్టిన అన్నం ముట్టేది కాదు. కోడలి మీద కోపమనుకున్నాం, ముసలితనమనుకున్నాం. వదిన మా వంటింట్లో కూర్చుని, "నేనేం తప్పు జేసిన? నా చేతి బువ్వ ఎందుకు తింటలేదు?" అని ఏడ్చేది.

ఆ తడవ నేనూ వదినా ఆమెను దవాఖానకు తీసుకుపోతే అక్కడ కొత్త నర్సు ఉంది. డాక్టర్ పిలిచేలోపు ఒక కాగితం తీసుకుని పెద్దమ్మ పక్కన కూర్చుంది. నిద్ర, దిగులు, భయం, ఎవరి మీదైనా అనుమానం, ఒక్కొక్కటే తీరిగ్గా అడిగింది. చేతి సంగతి ఎత్తలేదు.

"అమ్మా, వేరేటోళ్లకు కనబడనియి నీకేమన్న కనబడుతున్నయా? ఈ జబ్బుల చానామందికి గట్లయితది. పిచ్చి గాదు."

పెద్దమ్మ కొంగు నలిపింది. తర్వాత మెల్లగా, "పిల్లలు" అంది. "గడప కాడ కూసుంటరు. మాట్లాడరు. కోడలు గిన్నె తెస్తే గా అన్నంల చేతులు పెడ్తరు. నేనెట్ల తినాలె?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్క గోడకు ఇవతలే ఉండే నాకు, పెద్దమ్మ అంత భయం ఒక్కతే మోసిందన్న సంగతి అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చే తోవలో నేను అడిగితే, "చెప్తే పిచ్చిది అంటరనుకున్న. ఎవలు అడగలె గద బిడ్డా" అంది. ఆ గొంతులో నింద లేదు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

డాక్టర్ పరీక్షలు చేయించి, వణుకుకు వాడే గోలీలతోనూ అట్లా కనబడొచ్చని ఒక గోలీ మెల్లగా తగ్గించాడు. ఆ పిల్లలు కనబడటం పూర్తిగా పోలేదు. "ఇయ్యాల వచ్చిండ్రు. ఉత్తదే అని ఎరుకనే గని, జర జరుగుండ్రి అన్న" అని నవ్వేది. వదిన చేతి అన్నం మళ్లీ తినసాగింది.

మా వీధి చివర ఒక టైలర్‌కూ అదే జబ్బు. దుకాణం మూసేసి ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. పెద్దమ్మకు చదువు రాదు; నర్సు అడిగినవన్నీ మాత్రం వరసగా గుర్తున్నాయి. ఒక మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని అతనింటికి వెళ్లింది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"చెయ్యి సంగతి అడగ తమ్మీ. మనసెట్లుంది?"

అతను దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"నిద్ర వడ్తుందా? బతుకుడు వద్దనిపిస్తుందా?"

అతని భుజాలు కదిలాయి. "అనిపిస్తుంది అక్కా. రోజు అనిపిస్తుంది."

తలుపు దగ్గర నిలబడి అతని భార్య విన్నది. ఆ పూటే దవాఖానకు తీసుకుపోయింది. ఇప్పుడతను దుకాణంలో కూర్చుని కొలతలు చెబుతాడు, ఆమె కుడుతుంది. పెద్దమ్మ పాడె వెంట అతను ఆగుతూ ఆగుతూ చివరిదాకా నడిచాడు.

టైలర్ ఇంటి నుంచి ఆ రోజు తిరిగి వస్తుంటే రోడ్డు నడిమిట్ల పెద్దమ్మ పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయాయి. ఈ జబ్బులో అట్లా అవుతుంది. నేను చెయ్యి పట్టి లాగబోయాను.

"గుంజకు. జర ఆగు, అదే లేస్తది" అంది.

కోటగిరి నుంచి మనుషుల్ని నింపుకొచ్చిన ఆటో ఒకటి మా వెనక ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు, ఇంజన్ ఆపేశాడు. ఎండలో ఆటోలోని వాళ్లంతా తలలు బయటికి పెట్టి ఆమె పాదం వైపే చూస్తున్నారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని, ఎదుటికి చూస్తూ, తొందర లేకుండా నిలబడి ఉంది.